మధ్యలో వెళ్లిపోయినవాడు

భావనపాడు ఒడ్డున వల బాగుచేసే గంగులుకి చేతులొక పనిలో, నోరొక పనిలో ఉంటాయి. చేతులు వల చిరుగులు అల్లుతుంటే, నోరు ఫోన్‌లో గేమ్ ఆడేవాళ్ల గ్రూపుకి వార్తలు చెబుతుంటుంది. ఏ తుపాకీ బలం తగ్గించారో, ఏ మ్యాప్ తీసేశారో అతనికి తుపాను కబురుకన్నా ముందే తెలుస్తుంది. మొన్న, మ్యాచ్ మధ్యలో వెళ్లిపోయేవాళ్లని ఇకమీదట వారం రోజులు ఆడనివ్వరని వార్త వచ్చింది. కరెంటు పోతే మా తప్పా అని గ్రూపులో సగంమంది గొడవ. మా ఊరి రోడ్డు గురించి ఎవరూ ఇంత పట్టుగా వాదించుకోగా వినలేదు. గంగులు సూది పక్కన పెట్టి మరీ వాయిస్ మెసేజ్ పంపాడు: "జట్టుని ఒగ్గేసి పోయినోడికి వారం సాలదురా, నెల్రోజులెయ్యాల."

మర్నాడు సాయంత్రం అతను మ్యాచ్‌లో ఉండగానే పడవొకటి ఒడ్డుకొచ్చింది. పడవ ఎవరిదైనా ఒడ్డు మీదున్నవాళ్లందరూ లాగడానికి చెయ్యి వెయ్యాలి. "ఒరే గంగులూ, ఏటి సూస్తన్నావు? కెరటం తిప్పేస్తాది, రా!" అని చేపలమ్మే కూర్మమ్మ కేకేసింది. అతను ఫోన్ వల మీద పడేసి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి వారం నిషేధం పడిపోయింది. ఆదివారం ఎచ్చెర్ల జట్టుతో ఫైనల్. కెప్టెన్ అతనే.

జట్టులోని బాబీ ఊరుకోలేదు. "బావా, నెల్రోజులన్నావు. మిగతా మూడు వారాలు మేమెయ్యాలా?"

"రూల్ మంచిదేరా," అన్నాడు గంగులు. "ఆట ఒగ్గేసినోడికి వారమే. పడవ ఒగ్గేసినోడికి ఈ ఒడ్డు మీద జన్మంతా ఏస్తారు."

ఆదివారం చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని గంగులు, బాబీ వాళ్ల ఆట విన్నాడు. చేతిలో సూది ఆట అయ్యేదాకా వలలో ఒకే కన్ను దగ్గర ఆగే ఉంది.