బీరువా చార్జి

మా హైస్కూలుకు కొత్తగా టీచర్లు వస్తే వాళ్ల సంగతి మొదట తెలిసేది హెడ్మాస్టరుకు కాదు, నాకు. నేను అక్కడ మధ్యాహ్న భోజనం వండుతాను. పిల్లలకు వడ్డించే ముందు ఒక టీచరు వచ్చి అన్నమూ సాంబారూ రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. పాతవాళ్లు ఆ పని తప్పించుకుంటారు కాబట్టి కొత్తవాళ్లకు మొదటిరోజే అది తగులుకుంటుంది. గరిటెడు సాంబారు దగ్గర మనిషి చాలావరకు బయటపడతాడు.

పోయిన జూన్‌లో బదిలీలు జరిగి ముగ్గురు వచ్చారు. ఆటల సార్ సాంబారు వైపు చూడకుండానే సంతకం పెట్టాడు. ఈయన నిలవడు అనుకున్నాను. వారం తిరక్కుండా డెప్యుటేషన్ మీద తన ఊరికి దగ్గర బడికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ హాజరుపట్టీలో ఆయన పేరు మా బడిలోనే ఉంది. బంతులు సంచిలో మూతి కట్టి ఉన్నాయి.

లెక్కల మేడం పొగకు ముక్కు మీద కొంగు పెట్టుకుని వచ్చింది. నాతో అన్న మొదటి మాట, "సాయంత్రం కళ్యాణదుర్గం బస్సు ఎన్నింటికి?" నాలుకకు తగిలీ తగలనట్టు రుచి చూసి, సంతకం పెట్టి వెళ్లింది. ఆమె మీద నాకు ఆ రోజే మనసు విరిగింది.

మూడో ఆయన సోషల్ సార్. గిన్నె నిండా పోయించుకుని తాగాడు. టమోటా ఎక్కువ వేశారు కదా అని అడిగాడు. పొయ్యి పక్కన గూట్లో పెట్టిన నా పుస్తకం ఆయన కంట్లో పడింది.

"ఇది ఎవరిదమ్మా?"

"నాదే సార్."

"వంటగదిలో పుస్తకమా? బాగుంది. నేను కూడా చదువుతానమ్మా, చిన్నప్పటి నుంచి."

అంతే, నేను పడిపోయాను. ఆ ఒక్క మాటకు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాను.

ఎందుకు పడిపోయానో చెప్పాలి. నేను ఏడో తరగతి దాకా చదివాను. తర్వాత మా నాయన మేకలతో కొండ మీదికి పోయాను. పెళ్లయ్యాక తాలూకా ఊరిలో గ్రంథాలయం ఊడ్చే పని దొరికింది. అక్కడ ఆరేళ్లు చేశాను. పుస్తకాల మీద దుమ్ము దులపమంటే ఒక్కొక్కటి తీసి దులిపి, తెరిచి, నిలబడే చదివాను. మొదట కథలు, తర్వాత నదుల గురించి, నక్షత్రాల గురించి, రాజుల గురించి. అర్థం కాని మాట ఉంటే నిఘంటువు తీసి చూసేదాన్ని. ఎవరూ నాకు పాఠం చెప్పలేదు. నాకు తెలిసిందంతా చీపురు పక్కన పెట్టి సంపాదించుకున్నది. దాని గురించి నాకు గర్వం ఉంది. తక్కువ చేసి చెప్పను.

మా బడిలో ఒక మూలగదిలో బీరువా ఉంది. సగం అద్దం తలుపులు. లోపల పుస్తకాలు. నేను చేరిన నాటి నుంచి ఆ తలుపులు తెరుచుకోవడం నేను చూడలేదు. కారణం చార్జి. చార్జి అంటే ఆ పుస్తకాలన్నిటికీ నేను బాధ్యుణ్ణి అని ఒక టీచరు సంతకం పెట్టడం. పెట్టినవాళ్లు బదిలీ అయి పోయేనాటికి ఒక్క పుస్తకం తక్కువైనా జవాబు చెప్పుకోవాలి. పాత తెలుగు మేడం చార్జి తీసుకుని, ఏ పుస్తకమూ పోకుండా ఉండేందుకు ఒక్క పుస్తకం కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఆమె రిటైరయ్యాక తాళంచెవి హెడ్మాస్టరు సొరుగులో పడింది. నా సాంబారుకు సంతకం పెట్టడానికి వణకని చేతులు ఆ పుస్తకాల లిస్టు చూస్తే వణుకుతాయి. సాంబారు తాగి పిల్లలకు కడుపు నొప్పి వస్తే ఫరవాలేదు, పుస్తకం చినిగితే మాత్రం కొంప మునుగుతుంది. ఇదేమి బడి అని నేను ఎన్నిసార్లు పళ్లు కొరుక్కున్నానో.

పాత్రలు కడిగాక ఆ గది కిటికీ దగ్గర నిలబడి అద్దంలోంచి పుస్తకాల వీపులు చదివేదాన్ని. మూడో అరలో ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి ఉంది, మన రాష్ట్రపు భూమి, వానలు, పంటల గురించి. గ్రంథాలయంలో చదివినదే. దాన్ని చూస్తే తోబుట్టువును జైల్లో చూసినట్టు ఉండేది. పదో తరగతి పిల్ల ఒకతి, గొర్రెలు మేపేవాళ్ల బిడ్డ, నా పక్కన చేరి తానూ చదివేది. గుడ్ల అట్టల కింద పరిచిన పాత పేపర్లను కూడా వదలని పిల్ల అది.

"అక్కా, ఈ బీరువా ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగేది.

జూలైలో ఒక సోమవారం హెడ్మాస్టరు వంటగదికి వచ్చాడు.

"ఏమమ్మా, ఖాళీ బియ్యం గోతాలు నాలుగు ఉంటే తీసి పెట్టు."

"దేనికి సార్?"

"ఆ మూలగదిలో పెద్ద టీవీ పెట్టాల. బీరువా అడ్డం. శనివారం లోపల ఎవరన్నా చార్జి తీసుకుంటే బీరువాను స్టాఫ్ రూములోకి జరుపుతా. లేదంటే పుస్తకాలు మూట కట్టి మండలాఫీసుకు పంపిస్తా."

"ఆడ ఏం జేస్తారు సార్ వాటిని?"

"ఏం జేస్తారు? పెట్టుకుంటారు."

నాతో వండే ఆమె నాకంటే పెద్దది, అత్తా అంటాను. హెడ్మాస్టరు పోయాక ఆమె నవ్వింది.

"ఏమే, మొహం అట్ల పెట్టినావు? ఆ పుస్తకాలు నీకేమన్నా అన్నం పెడతాయా?"

"అన్నం మనం పెడతాండాము కదత్తా. అది కూడా అవే పెట్టాల్నా?"

ఆ మధ్యాహ్నమే సోషల్ సార్‌ను అడిగాను. ఆయన నవ్వుతూనే, "దానికేముందమ్మా, నేను తీసుకుంటా. శనివారం సంతకం పెడతా" అన్నాడు. ఆ రోజు ఆయనకు రెండో గుడ్డు వేశాను.

గురువారం నాడు గుడ్ల అట్టలు మోసుకుని పదో తరగతి వరండాలో పోతున్నాను. లోపల సార్ కరువు పాఠం చెప్తున్నాడు.

"మీ జిల్లాకు వాన ఎందుకు రాదో తెలుసా? మీ తాతలు, మీ నాయన్లు మేకల్ని, గొర్రెల్ని కొండల మీదికి తోలి ఒక్క చెట్టు మిగల్చలేదు. చెట్టు లేకపోతే మబ్బు నిలవదు. ఈ కరువు మీరు చేసుకున్నదే, ఎవర్నీ అనేపని లేదు."

క్లాసులో సగంమంది మందలు మేపేవాళ్ల పిల్లలే. ఆ పేపర్లు చదివే పిల్ల తల దించుకుంది. నాకు మా నాయన కాళ్లు గుర్తొచ్చాయి, పగిలి, ముళ్లు దిగి, నల్లబడిన కాళ్లు. ఆ మనిషి ఆకాశంలో వానను ఆపేశాడట. అట్టలు కింద పెట్టి గడప దగ్గర నిలబడ్డాను.

"సార్, అది కాదు సార్."

"ఏమ్మా?"

"నైరుతి మబ్బులు పడమటి కనుమలకు కొట్టుకోని ఆ పక్కనే కురిసేస్తాయి. ఈ పక్కకు దిగేది ఒట్టి గాలి. ఈశాన్యం మబ్బులేమో సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేలోపల ఖాళీ అయిపోతాయి. దీన్ని వర్షచ్ఛాయ అంటారు సార్. మా నాయన పుట్టకముందు నుంచీ ఈడ వాన తక్కువే."

వెనక బెంచీలోంచి ఎవరో, "సార్, అక్క చెప్పేదే కరెక్టేమో సార్" అన్నారు. క్లాసంతా నవ్వింది. అక్కడితో నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

"మీ పాఠం పుస్తకంలో కూడా ఉండాల సార్. చూసుకోండి."

అది కోపంతో అన్న మాట కాదు. గర్వంతో అన్నది. ఆయన మొహం ఎర్రబడింది. నేను అట్టలు ఎత్తుకుని వచ్చేశాను. ఆ రోజు అన్నం వడ్డిస్తున్నంతసేపూ నా చేయి తేలిగ్గా ఉంది.

శనివారం పొద్దున హెడ్మాస్టరు గదిలోకి టీ తీసుకుపోయాను. లిస్టు బల్ల మీద ఉంది. సోషల్ సార్, లెక్కల మేడం కూర్చుని ఉన్నారు.

"నేను తీసుకోను సార్" అన్నాడు సోషల్ సార్, నా వైపు చూడకుండా. "అంత చదివిన మనిషి బళ్లో ఉండగా నేనెందుకు? చార్జి ఆమెకే ఇవ్వండి."

హెడ్మాస్టరు నవ్వాడు. అది నవ్వే మాట అనుకున్నాడు.

"మేడం, మీరు?"

"నా వల్ల కాదు సార్. ఇదివరకు ఒక బళ్లో చార్జి తీసుకున్నా. పిల్లలకు ఇచ్చినా కూడా. పోయేటప్పుడు పదకొండు పుస్తకాలు కనపళ్లేదని నన్ను నెలన్నర రిలీవ్ చెయ్యలేదు. ఎవరెవరి ఇండ్లకో తిరిగినాను సార్, ఆ పుస్తకాల కోసం. మళ్లీ ఆ తిరుగుడు నాకొద్దు."

ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న ఈమె పిల్లల చేతికి పుస్తకాలు ఇచ్చింది. అందుకే శిక్ష పడింది. తాళం వేసి కూర్చున్న పాత మేడానికి మాత్రం పోయేటప్పుడు శాలువా కప్పారు. ఆ శాలువా రోజు పాయసం నేనే వండాను. నా ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండిపడాలో తెలియక టీ గ్లాసులు గట్టిగా పెట్టాను.

సోషల్ సార్ బయటికి రాగానే వరండాలో ఆపాను.

"సార్, తప్పయింది. నా మీద కోపం బీరువా మీద చూపించొద్దండి."

"ఈడ చెప్తే ఏం లాభం? పిల్లల ముందర అన్నావు. పిల్లల ముందరే చెప్పు, సార్ చెప్పిందే సరి, నాకు తెలీక మాట్లాడినాను అని. మధ్యాహ్నం సంతకం పెడతా."

మొన్నటి దాకా మీరు అన్న మనిషి నువ్వు అన్నాడు. 

వంటగదికి వచ్చి బియ్యం కడుగుతూ కూర్చున్నాను. గోతాలు నాలుగూ దులిపి మడిచి గుమ్మం పక్కన పెట్టి ఉన్నాయి. ఇన్నాళ్లూ నా చేతికి బియ్యం తెచ్చిన గోతాలు అవి.

"రెండు మాటలు చెప్పి రాపో" అంది అత్త. "నోటితో సరే అను, మనసులో కాదనుకో. నేను నలభై ఏండ్లుగా మీ మామతో అట్లనే చేస్తాండా."

"మామకు బీరువా లేదు కదత్తా."

నవ్వలేకపోయాను. మా నాయన వానను ఆపాడని అంతమంది పిల్లల ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ పుస్తకాలు మండలాఫీసులో ఎలుకలకు పోతాయి. ఏది చేసినా నేనే ఓడిపోయేట్టు పెట్టాడు ఆయన. అంత తెలివి పాఠం చెప్పడంలో పెట్టి ఉంటే బాగుండేది.

మూడో పీరియడ్‌లో చేతులు తుడుచుకుని పదో తరగతి గుమ్మం దగ్గరికి పోయాను. సార్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

"మొన్న సార్ పాఠం చెప్తాంటే నేను మధ్యలో దూరి మాట్లాడినాను" అన్నాను పిల్లలతో. "అది తప్పు. వంట చేసేదాన్ని కాబట్టి తప్పు అని కాదు. ఎవరు చేసినా తప్పే."

"ఇంకా?" అన్నాడు సార్.

తడి లేని చేతులనే మళ్లీ కొంగుకు తుడుచుకున్నాను. క్లాసు ఎదురుచూస్తోంది. అప్పుడు ఆ గొర్రెల కాపరి బిడ్డ లేచి నిలబడింది.

"అక్కా, మరి వాన ఎందుకు రాదు?"

నేను సార్ వైపు చూసి, పిల్లల వైపు తిరిగాను.

"బీరువాలో మూడో అరలో ఆకుపచ్చ అట్ట పుస్తకం ఉండాది. దాంట్లో రాసుండాది. బీరువా చార్జి సార్ తీసుకుంటాండాడు. అడగండి, తీసిస్తాడు. నా మాటా వద్దు, ఎవరి మాటా వద్దు. చదివి చూసుకోండి."

పిల్లలంతా ఆయన వైపు తిరిగారు. "ఎప్పుడిస్తారు సార్?" అని ఒకరు, "ఈరోజే ఇస్తారా సార్?" అని ఇంకొకరు. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కానీ అంతమంది అడుగుతుంటే ఇవ్వను అనడానికి ఆయనకు నోరు రాలేదు.

మధ్యాహ్నం సంతకం పెట్టాడు. బీరువా స్టాఫ్ రూములోకి జరిగింది. గోతాలు మళ్లీ నా దగ్గరికి వచ్చాయి.

ఇప్పుడు ప్రతి శుక్రవారం చివరి పీరియడ్‌లో బీరువా తెరుస్తారు. మొదటి శుక్రవారం నేను కూడా చేతులు సబ్బుతో కడుక్కుని, పిల్లల వెనక వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. సార్ పెన్ను కింద పెట్టాడు.

"పిల్లలకూ, సిబ్బందికీ మాత్రమే అమ్మా. నువ్వు రెండూ కాదు. రూలు."

అక్కడ ఉన్న హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూడసాగాడు. లెక్కల మేడం ఏదో అనబోయి బస్సు టైము చూసుకుంది. నేను తిరిగి వచ్చి గుండిగలు తోమాను. అంత గట్టిగా ఎప్పుడూ తోమలేదు. ఆ బీరువా తెరిపించిన మనిషికి ఆ బీరువాలో పుస్తకం లేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

తర్వాతి వారం ఆ పిల్ల ఆకుపచ్చ పుస్తకాన్ని మళ్లీ తన పేరు మీదే రాయించుకుని, సంచిలో పెట్టి నాకు తెచ్చిచ్చింది. "నేను చదివేసినానక్కా. సోమవారం ఇద్దువులే" అంది. గుండిగ బోర్లించి దాని మీద కూర్చుని తెరిచాను. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, కనుమలు, ఒట్టి గాలి, వర్షచ్ఛాయ. గట్టిగా చదివి అత్తకు వినిపించాను. కింద ఇంకొక పేరా ఉంది. గడ్డీ చెట్టూ లేని కొండ మీద పడిన కొంచెం వాన కూడా నిలవదని, మట్టిని కోసుకుంటూ పోతుందని, మందలు ఎక్కువైన చోట కొండలు త్వరగా బోడి అవుతాయని. అది నేను ఆ రోజుల్లో చదివి మరిచిపోయానో, మా నాయన గుర్తొచ్చి చదవకుండా పేజీ తిప్పానో తెలియదు. దాన్ని అత్తకు వినిపించలేదు. నాలో నేనే రెండుసార్లు చదువుకున్నాను.

ఆ పేరా సంగతి సార్‌కు చెప్పాలి. చెప్పాల్సిన మాటే. ఆయన రిజిస్టరులో నా పేరు మీద ఒక పుస్తకం రాసిన రోజున చెప్తాను.