ఒక్క మిషన్‌లో మూడు నకళ్లు

స్తుతికి కంప్యూటర్ నేర్పింది జయపాల్. చర్చిలో యూత్ లీడర్ అతను. గుంటూరు శివార్లలోని మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆ పిల్లకు ఉద్యోగం వేయించిందీ అతనే. అక్కడ మిషన్లు అమర్చడం జయపాల్ పని, వాటి మీద సాఫ్ట్‌వేర్ నడపడం స్తుతి పని. "అన్నయ్యా" అంటే "చెల్లెమ్మా" అని పలికేవాడు. అలాంటి మనిషి మీద అనుమానం ఎలా వస్తుంది చెప్పండి!

కోల్డ్ స్టోరేజీ యజమాని పానకాలు గారికి ఒక బెంగ పట్టుకుంది. ఏ రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఏ గదిలో ఉన్నాయో, ఏ రకమో, వివరమంతా కంప్యూటర్‌లోనే ఉంది. మిషన్ చచ్చినా వివరం చావకూడదన్నాడాయన. సరేనని జయపాల్ మూడు సర్వర్లు తెప్పించాడు. ఆ మూడింటినీ కలిపి స్తుతి కుబర్నెటీస్ క్లస్టర్ కట్టింది. ఒక మిషన్ పడిపోతే ప్రోగ్రాములు వాటంతటవే ఇంకో మిషన్ మీదికి పోతాయి. ప్రోగ్రాం పోతుంది సరే, డేటా మాటేమిటి? అది పడిపోయిన మిషన్‌లోనే ఉండిపోతుంది కదా. అందుకే డిస్ట్రిబ్యూటెడ్ బ్లాక్ స్టోరేజ్ కావాలి. అది డేటాను ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ మూడు నకళ్లు తీసి, మిషన్‌కు ఒకటి చొప్పున దాస్తుంది. ఒకటి కాలిపోయినా మిగతా రెండూ కాపాడతాయి.

సర్వర్ గది చలి గదుల వెనకాల ఉంది, తాళం జయపాల్ దగ్గర ఉంది. అటు వెళితే మిర్చి ఘాటుకు స్తుతికి దగ్గు ఆగదు. ఆఫీసులో కూర్చునే నెట్‌వర్క్ మీద ఆ స్టోరేజ్‌ను ఇన్‌స్టాల్ చేసింది. నకళ్లు మూడు అని పెట్టింది. తెర మీద మూడు మిషన్ల పేర్లూ పచ్చగా వెలిగాయి. పరీక్షకని ఒకదాన్ని ఆపి చూస్తే మిగతా రెండూ నడిపించాయి. అయినా ఇల్లలకగానే పండగ కాదు కదా, ఒక్కటి మాత్రం మనసులో మెదులుతూనే ఉంది. మందగిస్తే మూడు డిస్కులూ కలిసే మందగిస్తున్నాయి.

"అన్నయ్యా, ఇవి మూడూ వేరు వేరు మిషన్లేనా? ఒకసారి గదిలోకొచ్చి చూడనా?" అనడిగింది.

జయపాల్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నా మీద నమ్మకం లేదా చెల్లెమ్మా?"

అసలు మిషనా, ఉత్తుత్తి మిషనా అన్నది ఒక్క కమాండ్ కొడితే తేలిపోతుంది. సగం కొట్టి చెరిపేసింది. చర్చిలో దేవుని వాక్యం చెప్పే మనిషిని పరీక్షించడమేమిటని సిగ్గుపడింది. పిచ్చి తల్లి!

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. ఎండాకాలం మొదట్లో, గేటు బయట టిక్కీల లారీలు బారులు తీరిన రోజున, మూడు పేర్లూ ఒక్కసారే ఎర్రబడ్డాయి. మూడూ కలిసి చావడమేమిటని దగ్గుకుంటూనే స్తుతి వెనక గదికి పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది. లోపల కాలిన వాసన, ఒకే ఒక్క సర్వర్, దాని ముందు జయపాల్. నిలదీస్తే ఒప్పుకున్నాడు. ఒక్క మిషన్‌నే లోపల మూడు భాగాలు చేసి, మూడు మిషన్లలా చూపించాడు. మిగతా రెండింటినీ పిడుగురాళ్ల సున్నం బట్టీల వాళ్లకు సొంతంగా ఒప్పుకున్న పనికి తరలించాడు. మూడు నకళ్లూ ఒకే చితిలో కాలాయన్న మాట.

జయపాల్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "పానకాలు గారికి నేనే చెబుతా. రెండ్రోజులు ఆగు చెల్లెమ్మా. దేవుని సాక్షిగా చెబుతున్నా."

స్తుతి మళ్లీ నమ్మింది. ఆ రెండ్రోజులూ పానకాలు గారికి చెప్పలేదు.

చివరికి పానకాలు గారి ముందు జయపాల్ చెప్పింది ఇదీ: "మిషన్లు మంచివేనండి. నకళ్లు మూడు చోట్ల పెట్టమంటే అన్నీ ఒకదాంట్లోనే పెట్టిందండి. చిన్నపిల్ల, తెలియక చేసింది. మందలించి వదిలెయ్యండి."

స్తుతి ఊరుకోలేదు. అబద్ధమంది, గదిలో ఉన్నది ఒక్కటేనంది, వచ్చి చూడమంది. వెళ్లి చూశారు. శుభ్రంగా తుడిచిన సర్వర్లు మూడు, వరసగా ఉన్నాయి. పిడుగురాళ్లకు వెళ్లినవి ఈ రెండ్రోజుల్లో తిరిగొచ్చేశాయి. అడిగిన గడువు ఇందుకన్న మాట! పానకాలు గారు తిట్టనైనా తిట్టలేదు. రేపటి నుంచి రావద్దమ్మా అన్నాడంతే.

ఇంటికొచ్చి జరిగిందంతా తల్లి ప్రేమమ్మకు చెప్పుకుని ఏడ్చింది. జయపాల్ అలాంటోడు కాదే, నీకు దారి చూపించినోడే అంది ప్రేమమ్మ. కన్నతల్లే అంత మాటంటే ఇంకెవరితో చెప్పుకుంటుంది?

ఆదివారం ఆరాధనలో జయపాలే లేచి ప్రార్థన విన్నపాలు చదివాడు. జ్వరాలవాళ్లూ, పరీక్షలవాళ్లూ అయ్యాక గొంతు తగ్గించాడు.

"మన సహోదరి స్తుతి పనిలో తప్పు చేసి, ఆ నింద నా మీద మోపింది. నేను క్షమించేశాను. ఆమెకు మారుమనసు ఇమ్మని అందరం ప్రార్థిద్దాం."

చాపల మీద అందరూ తలలు వంచారు. స్తుతి ఒక్కతే తలెత్తి అతన్నే చూస్తోంది. ప్రార్థన ముగిసింది. అందరికంటే గట్టిగా, కళ్లనీళ్లతో ఆమేన్ అన్నది పక్కన కూర్చున్న ప్రేమమ్మే.