నస్రీన్ మాటకు నేను చెప్పిన అర్థం

ఒక పిల్ల అడిగిన ప్రశ్నను నేను మార్చేశాను. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబునూ మార్చేశాను. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఏళ్లు పట్టింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. బడిలో ఎవరికీ తెలియదు. నమాజుకు నిలబడినప్పుడు దీని దగ్గరికి రాగానే నా మనసు పక్కకు తప్పుకుంటుంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. ఆ పిల్లను నస్రీన్ అంటాను, అది ఆమె పేరు కాదు. మిగిలినదేదీ మార్చను. మార్చడం ఎంత తేలికో నాకు తెలుసు కాబట్టి మార్చను.

నేను ఆర్మూర్‌లో ఒక ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. పుట్టి పెరిగింది ఇక్కడే. మా ఇంట్లో మాట్లాడేది దక్కనీ, అంటే ఈ ప్రాంతపు ఉర్దూ. చదువుకునే రోజుల్లో, మంచి ఉర్దూ వచ్చిన అమ్మాయిలు నా మాట విని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేవారు. అప్పటి నుంచి ఆ భాషను ఇంట్లోనే వదిలి బయటికి వచ్చేదాన్ని. బడిలో తెలుగు, ఆఫీసువాళ్లతో ఇంగ్లీషు. దక్కనీ మాట్లాడే పిల్లలు నా క్లాసులో చాలామందే ఉండేవారు. వాళ్లతోనూ తెలుగే మాట్లాడేదాన్ని.

అలాంటి నాకే ఆ పని అప్పగించారు. ఆ ఏడాది మా బడికి వేల్స్‌లోని ఒక చిన్న బడితో జత కుదిరింది. అక్కడ చుట్టూ ఇంగ్లీషే, కానీ ఆ కొండ ఊరి పిల్లలు ఇంట్లోనూ బడిలోనూ తమ పాత భాషే మాట్లాడతారు. రెండు బడుల పిల్లలూ వీడియోలో కలుసుకోవాలి. ఆరోగ్యంగా ఉండటానికి ఇళ్లలో ఏం చేస్తారో చెప్పుకోవాలి, అదీ ఎవరి ఇంటి భాషలో వాళ్లు. టీచర్లు దాన్ని ఇంగ్లీషులో అందించాలి.

మొదట్లో ఎంత బాగుండేదో. మా పిల్లలు పొద్దున్నే 'బోరె దా' అంటూ గేటు దగ్గరే ఎదురొచ్చేవారు. అది వాళ్ల భాషలో పలకరింపు. అక్కడి పిల్లలు 'పానీ' అనడం నేర్చుకుని ప్రతి గ్లాసుకీ చెప్పేవారట. మేం డబ్బాల్లో పెసలు మొలకెత్తించాం, చేతులు కడుక్కునే పాట కట్టాం. నాలుగో తరగతిలో ఒక మూల కూర్చుని, తెలుగు పాఠం చదవమంటే తల వంచుకునే నస్రీన్, దక్కనీలో చెప్పొచ్చు అనగానే తల ఎత్తింది. ఆమెకు ధైర్యం చెప్పింది నేనే. "నీకేం చెప్పాలనుందో నీ మాటల్లో చెప్పు బేటా, వాళ్లకు అర్థమయ్యేటట్టు నేను చెప్తా" అన్నాను. ఆ మాట ఇచ్చింది నేనే. ఇది మీరు మరిచిపోకూడదు.

ఆ రోజు మాకు మధ్యాహ్నం, వాళ్లకు పొద్దున. బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, మార్కెట్ యార్డు నుంచి తెచ్చిన పసుపు కొమ్ములు పళ్లెంలో పోసి కెమెరా ముందు పెట్టాం. మా ఊరి గొప్ప కదా. పై నుంచి ఒక అధికారి వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. బాగా జరిగితే ఒక టీచర్‌ని ఆ దేశానికి పంపుతారని అప్పటికే అనుకుంటున్నారు. హెడ్మాస్టర్ సార్ నా చెవి దగ్గరకు వచ్చి, "మేడమ్, జర మంచిగ చెప్పియ్యుండ్రి. సారు చూస్తుండు. గీ ఛాన్స్ మీదే అనుకోండ్రి" అన్నారు. ఆయన అబద్ధం చెప్పమనలేదు. తప్పు ఆయన మీదికి నెట్టాలని చాలాసార్లు చూశాను. అది అక్కడ నిలవదు.

ఇద్దరు పిల్లలు మాట్లాడారు. జొన్నరొట్టెలు, కబడ్డీ. తర్వాత నస్రీన్ లేచింది. ఉతికిన ఫ్రాక్, నూనె పెట్టి బిగించిన జడలు. తెర వైపు కూడా కాదు, ఆ తెరలో ఉన్న పెద్ద టీచరమ్మ వైపు సూటిగా చూస్తూ మాట్లాడింది.

"మేరీ అమ్మీ ఖాస్ ఖాస్ కో సోతీచ్ నై" అంది. మా అమ్మ దగ్గి దగ్గి నిద్రేపోదు అని. తెల్లవారక ముందే లేచి బీడీలు చుడుతుందని, తంబాకు దుమ్ములో తనకూ ఊపిరాడదని, అమ్మ చిక్కిపోయిందని, దవాఖానకు పోదామంటే వినదని చెప్పింది. చివరికి అడిగింది. మీ అమ్మలకు కూడా ఇట్ల దగ్గు వస్తుందా? వస్తే దవాఖానకు తీసుకుపోతారా, దానంతట అదే పోతుందా? మీరు పెద్దవాళ్లు, మీరు చెప్తే మా అమ్మీ వింటానంది.

అక్కడున్న పెద్దల్లో దక్కనీ పూర్తిగా అర్థమయ్యేది నా ఒక్కదానికే. అధికారి నా వైపు చూస్తున్నారు. తెరలోంచి ఆ టీచరమ్మ నా వైపు చూస్తున్నది.

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఈ పాప వాళ్లమ్మ తెల్లవారక ముందే లేస్తుంది, ఇద్దరూ పొలం దారి వెంట పరుగెడతారు, మీ అమ్మలు కూడా పరుగెడతారా అని అడుగుతోంది.

ఎక్కడి నుంచి వచ్చింది ఆ పరుగు? ముందుగా అనుకున్నది కాదు. భయపడ్డానా? ఆరోగ్యం గురించి జరిగే సభలో బీడీ, దగ్గు వినబడితే మా ఊరి పరువు పోతుందనుకున్నానా? చాలాకాలం నాకు నేను ఇదే చెప్పుకున్నాను. ఇందులో కొంచెం నిజం ఉంది. కానీ ఆ క్షణంలో నా కళ్ల ముందు కదిలింది ఊరి పరువు కాదు, విమానం కిటికీ. వెళ్లాలనుకున్నాను. అంతే. దాని చుట్టూ ఎన్ని కారణాలు పేర్చినా లోపల ఉన్నది అదొక్కటే.

అక్కడి పిల్లలు చేతులెత్తారు. ఒకమ్మాయి వాళ్లమ్మ చల్లటి సముద్రంలో ఈత కొడుతుందట. ఒక పిల్లాడు లేచి, మా అమ్మ బస్సు కోసం తప్ప పరుగెత్తదు అన్నాడు. వాళ్లందరూ విరగబడి నవ్వారు.

నస్రీన్ మొహం ఇప్పటికీ నా ఎదురుగానే ఉంది. ఆ నవ్వు చూసి ఆమె పెదవులు వణికాయి. నా వైపు తిరిగి చిన్న గొంతుతో అడిగింది. "క్యూఁ హస్‌రే టీచర్?" ఎందుకు నవ్వుతున్నారు టీచర్?

అక్కడైనా ఆగి ఉండవచ్చు. ఒక్క మాట, తప్పు చెప్పాను, మళ్లీ చెప్తాను అంటే సరిపోయేది. అనలేదు. పిల్ల ఏడిస్తే అంతా బయటపడుతుందని మాత్రం నా బుర్రకు తోచింది. నా కళ్లు బల్ల మీది పళ్లెం మీద పడ్డాయి. దక్కనీలో, నా తల్లి భాషలో, ఆ గదిలో మొదటిసారి నోరు విప్పి ఆమెతో అన్నాను: "నిన్ను చూసి కాదు బేటా. ఇంత చిన్నదానికి భయపడుతున్నవని నవ్విన్రు. పాలల్ల పసుపు వేసి తాపుమంటున్నరు. తగ్గిపోతదట."

ఆమె మొహం విప్పారింది. కెమెరా వైపు తిరిగి సలాం చేసింది. అటు వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇటు అధికారి కొట్టారు. నేనూ కొట్టాను.

కొన్ని వారాల తర్వాత నస్రీన్ స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. పసుపు పాలు ఇస్తున్నా తగ్గడం లేదంది. నేను పాస్‌పోర్టు పని మీద ఎవరితోనో ఫోన్లో ఉన్నాను. ఫోన్ చేత్తో మూసి, "ఇంకొన్నాళ్లు ఇయ్యి బేటా" అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. వాళ్ల ఇల్లు బడికి రెండు గల్లీల అవతలే. సాయంత్రం ఒకసారి తొంగి చూసి వచ్చినా సరిపోయేది. వీడియో ముందు జరిగింది ఒక్క క్షణపు పిరికితనం అని ఎవరైనా సర్దిచెప్పవచ్చు. మరి ఇది? ఈ రెండోది గుర్తొచ్చినప్పుడు నాకు నా మీద జాలి కూడా కలగదు.

నేను వేల్స్ వెళ్లాను. దారి పలకల మీద వాళ్ల భాష ఇంగ్లీషు కంటే పైన రాసి ఉంది. పిల్లలు పసుపు రంగు కాగితాలతో గదంతా అలంకరించారు. ఆ టీచరమ్మ నా చేతులు పట్టుకుని, మా భాష మాట్లాడినందుకు మా తాతల్ని బడిలో కొట్టేవారు, మీ పాప తన భాషలో మాట్లాడుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు అంది. ఒక పిల్లాడు, బహుశా ఆ బస్సు పిల్లాడే, దగ్గరికొచ్చి, ఆ పరుగెత్తే అమ్మ బాగుందా అని అడిగాడు.

బాగుంది అన్నాను.

అప్పటికి ఆమెను నిజామాబాద్‌లో దవాఖానలో చేర్చారు. నాకది తిరిగొచ్చాకే తెలిసింది. టీబీ. చాలా ముదిరాక తెచ్చారన్నారట డాక్టర్లు. తొలి వానలు పడేలోపే ఆమె పోయింది.

పరామర్శకు వెళ్లాను. మోర్తాడ్ నుంచి వచ్చిన నస్రీన్ నానీ, అంటే అమ్మమ్మ, పక్కింటి ఆవిడతో చెప్పుకుంటోంది. "దవాఖానకు పోదాం బిడ్డా అని ఎన్నిసార్లు మొత్తుకున్న. ఫారిన్ టీచర్లు చెప్పిండ్రమ్మా, పాలతోనే తగ్గుతది, ఫికర్ చెయ్యకు అంటుండె. గా మాట పట్టుకునే కూసున్నది." నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. నాకు మంచినీళ్లు ఇచ్చారు. తాగాను. ఎలా తాగానో తెలియదు. నస్రీన్ అమ్మ ఎలాగూ దవాఖానకు వెళ్లేది కాదేమో, ఒకపూట పని పోతుందనో, టీబీ పేరు బయటికొస్తుందనో ఆగేదేమో అని చాలాకాలం లెక్కలు వేసుకున్నాను. ఏమో. వెళ్లేదేమో కూడా. పిల్ల అడిగింది దాని కోసమే కదా.

ఆ తర్వాత నస్రీన్‌ను, ఆమె తమ్ముణ్ని నానీ మోర్తాడ్ తీసుకెళ్లింది. దుబాయ్‌కు పనికి వెళ్లిన వాళ్ల నాన్న అక్కడే ఉండిపోయాడు. బడుల జత కూడా మెల్లగా ముగిసిపోయింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య నస్రీన్ నాకు బస్సులో కనబడింది. ఏర్గట్లలో బంధువుల పెళ్లి చూసుకుని వస్తున్నాను. మోర్తాడ్‌లో కాలేజీ సంచి తగిలించుకున్న ఒక అమ్మాయి ఎక్కింది. తనే నన్ను గుర్తుపట్టి సలాం చేసి పక్కన కూర్చుంది. ఇంటర్ చదువుతున్నదట, నర్సింగ్‌కు వెళ్తుందట. చుట్టూ జనం, అందుకే కావచ్చు, తెలుగులోనే మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించి అంది:

"టీచర్, మిమ్మల్ని ఒక మాట అడుగాలని ఎప్పటి నుంచో అనుకుంటున్న. అమ్మీకి పసుపు పాలు ఇయ్యుమన్నరు గద గా ఫారిన్ వాళ్లు? నేను పాలల్ల నీళ్లు కలిపిన టీచర్. తమ్మునికి తక్కువైతయని కలిపిన. ఎవ్వలకు చెప్పలె. అందుకనే తగ్గలేదా?"

చెప్పాల్సిన చోటు అదే. ఇంతకంటే దగ్గరగా, ఇంతకంటే సూటిగా నన్ను ఎవరూ అడగబోరు. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "అట్లేం కాదు బేటా, నీ తప్పేం లేదు." ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. నమ్మలేదని తెలిసిపోయింది. ఎందుకు నమ్ముతుంది? పెద్దవాళ్లు జాలితో అనే మాటలాగే ఉంది అది. తప్పు ఎవరిదో చెప్పకుండా, నీది కాదు అంటే ఏ పిల్ల నమ్ముతుంది? ఆర్మూర్ బస్టాండ్‌లో నా సంచి తనే దింపి ఇచ్చి, జనంలో కలిసిపోయింది.

తొమ్మిదేళ్ల వయసు నుంచి ఆ పిల్ల తన తల్లిని తానే పోగొట్టుకున్నానని అనుకుంటోంది. నాకది ఇప్పుడు తెలుసు. తెలిశాక కూడా నేను ఇంట్లో అన్నం తింటున్నాను, బడికి వెళ్తున్నాను, పిల్లలకు నిజాయితీ పాఠం చెప్తున్నాను.

మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు, ఆమె చేతిలోనూ ఉండకపోవచ్చు. ఆమెకు చెప్పేదాకా ఈ రాత సగమేనని నాకు తెలుసు. వెళ్తానా? మోర్తాడ్ ఎంత దూరం కనుక. వెళ్తానని రాయాలని చెయ్యి లాగుతోంది, కానీ ఇక్కడ ఇంకొక అబద్ధం చేరడం నాకు ఇష్టం లేదు. ఆమెతో అనాల్సిన మాట మాత్రం ఈ రోజు పిల్లలు వెళ్లిపోయాక, ఖాళీ క్లాసులో నిలబడి గొంతెత్తి అన్నాను. వాళ్లు చెప్పలేదు, నేను చెప్పాను అని. ఆమె భాషలో, నా భాషలో.

ఉనో నై బోలే. మై బోలీ.

ఇన్నేళ్లకు ఒక్క మాట సరిగ్గా చెప్పాను.