అరచేతిలో గాజు పళ్లెం

నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటోలు ఆగే చోట టీ గ్లాసు తీసుకుని, వెంటనే తాగకుండా అరచేతుల మధ్య పెట్టుకుంటాను. ఆ వెచ్చదనం తగలగానే సుగుణ మేడం గుర్తొస్తారు.

మా ల్యాబు అప్పట్లో గోపన్‌పల్లి దగ్గర ఉండేది. బోదకాలు పురుగుల్ని చంపే కొత్త మందు వెతకడం మా పని. కబేళా నుంచి తెచ్చే, గేదెల కడుపులో ఉండే పురుగులు వాటికి దగ్గరి చుట్టాలు. వాటిని గాజు పళ్లెంలో మందు నీళ్లలో వేసి, కదలడం ఎప్పుడు మానేస్తాయా అని కాచుకుని కూర్చునేవాళ్లం. మేడంది నల్గొండ. వాళ్లమ్మ బోదకాలుతో ఏళ్ల తరబడి గుమ్మం దాటలేదట. నాది కడప. తెలంగాణ ఉద్యమం రోజుల్లో భోజనాల గదిలో ఒక్కో ప్రాంతం వాళ్లు ఒక్కో బల్ల దగ్గర చేరారు. మా వైపువాళ్లు ఇంకెవరూ లేక నేను ఒక మూల కూర్చునేదాన్ని. మేడం తన డబ్బా తెచ్చుకుని నా ఎదుట కూర్చునేవారు. పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు, కానీ ఆ పూట అన్నం సయించేది.

చేతిలో ఉన్న మందు కూడా పనిచేయకపోతే మా విభాగం మూసేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పారు. ఆఖరి ఫలితం చూడాల్సిన రోజు బంద్. ఆటోలు లేవు. మేడం నడిచే వచ్చారు. ల్యాబులో మేమిద్దరమే. మైక్రోస్కోపు కింద పురుగు దారప్పోగులా పడి ఉంది. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

"చచ్చిపోయింది మేడం. రాసేద్దాం."

"జర ఆగు బిడ్డా. ఏసీకి సల్లవడ్డా గిట్లనే పడుంటది."

ఆమె ఎప్పుడూ అంతే. పళ్లేన్ని అరచేతిలో పెట్టుకుని, రెండో చేయి పైన కప్పి, వెచ్చబడ్డాక మళ్లీ చూస్తేగాని ఏ పురుగునూ చచ్చిందనేవారు కాదు. ఆ ఒక్క రోజు వద్దని దండం పెట్టాలనిపించింది. రోడ్డు మీద నినాదాలు దగ్గరై, దూరమయ్యాయి. మళ్లీ చూస్తే పురుగు తోక మెల్లగా ముడుచుకుంది.

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"రేపు మా అమ్మసొంటోళ్లు మింగాల్సిన మందు. ఉన్నదే రాయి," అన్నారు.

విభాగం మూతపడింది. ఆమె ఇంటిపట్టున ఉండిపోయారు. నేను అద్దాల భవనంలో ఇంకో ఉద్యోగంలో చేరాను. అక్కడ జనానికి కొదవ లేదు, నా ఎదుట డబ్బా విప్పేవాళ్లే లేరు.

పోయిన చలికాలం ఆమెను దవాఖానలో చేర్చారని తెలిసి పరుగెత్తాను. అప్పటికే డాక్టరు చూసి వెళ్లిపోయారు.

"అయిపోయిందమ్మా," అంది నర్సు.

కాసేపు ఆగమన్నాను. చల్లబడ్డ ఆ చేతిని నా రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. కొంతసేపటికి వెచ్చబడింది. అది నా వేడే. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా, వదలడానికి చాలాసేపు పట్టింది.