ఉత్తమ నటి చెప్పిన మాట

టీవీలో సినిమా అవార్డులు వస్తున్నాయంటే జంషెడ్‌పూర్ సిద్ధగోరాలో సువర్ణకుమారి స్టవ్ ఆపేసి వచ్చి కూర్చుంటుంది. భర్త పోయాక ఆదిత్యపూర్ కార్ఖానాలో ఆయన నడిపిన, ఇనుము చెక్కే లేత్ మిషన్ మీదే ఇరవయ్యేళ్లు నిలబడి పనిచేసింది. ఇప్పుడు మోకాళ్లు సరిగా వంగవు, కాళ్లు చాపుకునే చూస్తుంది. గెలిచినవాళ్లు ఏ భాషలో ఏడ్చినా తనూ ఏడుస్తుంది. ఎవరైనా తల్లి పేరు మరిచిపోతే మాత్రం "పాపిష్టోడు" అని తిడుతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఉత్తమ నటిగా గెలిచిన అమ్మాయి, మూడేళ్ల కిందట ఈ ఇంటికే వచ్చింది. నాలుగు రోజులుండి సువర్ణకుమారి కథంతా విని, లేత్ ఎలా తిప్పాలో అడిగి నేర్చుకుని వెళ్లింది. ఇప్పుడు వేదిక మీద కళ్లు తుడుచుకుంటూ, "నేను వేసిన పాత్ర జంషెడ్‌పూర్ సువర్ణమ్మగారిది. ఇది చూడడానికి ఆవిడ లేరు, పోయారు" అంది. సభంతా లేచి నిలబడింది.

"అమ్మమ్మా, ఆప్ తో జిందా హో! బతికే ఉన్నావుగా!" అంటూ మనవరాలు స్టెఫీ ఫోన్ తీసింది. "ఇప్పుడే నీ వీడియో పెట్టేస్తా."

"వద్దే. ఎవులో తప్పు చెప్పుంటారు. అంతమందిలో ఆ పిల్ల పరువేటవుతాది?"

"ఔర్ ఆప్? మరి నీ సంగతో?"

సువర్ణకుమారి లేచి తల దువ్వుకుని, చర్చికి కట్టే చీర కట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. చీకటి పడేదాకా ఆ దారిన పోయేవాళ్లని, తెలిసినా తెలియకపోయినా, ఒక్కొక్కరినే ఆపి పలకరించింది.