బరువు మీద కొలత

“దారిలో టైరు పేలితే, వెనక సీట్లో ఉన్న పిల్ల సంగతేంటండీ?”

కొట్లో అడుగుపెడుతూనే ఆమె అడిగిన మొదటి మాట అదే. నమస్కారం లేదు, పలానా పని మీద వచ్చానని లేదు. చంకలో ఏడాదిన్నర పాప, చేతిలో మడతలు పెట్టిన కాగితం, కళ్ల కింద వారం రోజుల నిద్ర బాకీ.

కొట్టు యజమాని తల ఎత్తలేదు. నేల మీద గొంతుక్కూర్చుని, ఒక కారు చక్రాల పక్కగా తెల్ల దారం లాగి కడుతున్నాడు. “ఎడం చెవి పనిచెయ్యదమ్మా. ఇటుపక్కకొచ్చి చెప్పు,” అన్నాడు. ఆమె కుడివైపు వెళ్లి అదే ప్రశ్న మళ్లీ అడిగింది. అతను దారం ముడి వేసి, “పేలితే సంగతి అడుగుతున్నావా, పేలకుండా ఉండే సంగతి అడుగుతున్నావా? మొదటిదైతే నాకు తెలీదు,” అన్నాడు.

వీధిలో అందరూ ఆయన్ని దారం బాబాయి అంటారు. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూసే యంత్రాలు పెద్ద రోడ్డు మీద షోరూముల్లో ఉన్నాయి. ఈయన దగ్గర ఉన్నది నాలుగు ఇనప స్టాండ్లు, ఒక దారపు ఉండ. ఆ ఉండ కూడా ఆయనది కాదు, భార్యది. కొట్టు సగం టైర్లు, సగం కుట్టుమిషను. ఇటు రబ్బరు వాసన, అటు కొత్త బట్ట వాసన. మధ్యలో ఒక బల్ల. బల్ల దాటి టైరు అటు దొర్లితే ఆవిడ ఊరుకోదు, కత్తిరించిన గుడ్డముక్క ఇటు పడితే ఈయన చెయ్యి తుడుచుకుంటాడు.

ఆమె నీళ్లు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తుంది. రోజూ చుక్కలు లెక్కపెట్టే మనిషి. అలాంటి మనిషికి ఈ వారంలో తల బొప్పి కట్టింది. కారణం మేనమామ.

మేనమామకి ఒక పాత స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే తలుపులు, పొట్టి తోక, వెనక సీటు అంటే ఉందంటే ఉంది, లేదంటే లేదు. కంటిచూపు తగ్గాక ఆయన స్టీరింగు వదిలేసి, తాళాలు మేనకోడలి చేతిలో పెట్టాడు. కారుతో పాటు నాలుగు అట్టపెట్టెలు కూడా ఇచ్చాడు. వాటిలో పన్నెండేళ్ల కిందట ముచ్చటపడి కొని, ఒక్కనాడూ బిగించని పదిహేడు అంగుళాల చక్రాలు. కారుకి ఉన్నవి పదిహేను అంగుళాలవి. “నేను చూడలేను గానీ, పెద్ద చక్రాల మీద అది ఎలా పోతుందో పక్క సీట్లో కూర్చుని వింటానే,” అన్నాడు. ఆమె కాదనలేకపోయింది. పైగా ఉన్న టైర్లు అరిగి నున్నగా అయిపోయాయి. ఎలాగూ మార్చాలి. సోమవారం నుంచి పాపని శిశుసంరక్షణ కేంద్రంలో దించాల్సింది ఈ కారులోనే.

సరే, పెద్ద చక్రానికి ఏ టైరు? అక్కడ మొదలైంది తికమక.

చక్రం పెద్దదైతే టైరు గోడ పొట్టిదవ్వాలి, మొత్తం ఎత్తు పాతదానికి దగ్గరగా ఉండాలి. అంతవరకు ఆమెకి అర్థమైంది. లెక్క వేసింది. పాత టైరు ఎత్తు 615 మిల్లీమీటర్లు. 205/45 (వెడల్పు 205 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో నూటికి 45 పాళ్లు) వేస్తే 616. 215/45 వేస్తే 625. 225/45 వేస్తే 634. కాగితం ప్రకారం మొదటిదే దగ్గర. కానీ పెద్ద రోడ్డు షోరూము కుర్రాడు, “మేడమ్, స్పోర్ట్స్ కారుకి 225 లేకపోతే ఏం బావుంటుంది, గుర్రానికి మేక కాళ్లు పెట్టినట్టుంటుంది,” అన్నాడు. ఇంటర్నెట్‌లో పదిమంది పది రకాలు రాశారు. ఆ పదిమందిలో ఇద్దరు ఒకళ్లనొకళ్లు తిట్టుకుని వెళ్లిపోయారు కూడా. అట్టపెట్టె అడుగున మేనమామ చేతిరాతతో ఒక చీటీ దొరికింది: “215/45.” అంతే. ఎందుకో లేదు.

దాంతో ఆమె స్వయంగా కొలిచింది. వెనక చక్రం పైన టైరుకీ రేకుకీ మధ్య ఎంత సందుందో చూస్తే తేలిపోతుంది కదా అనుకుంది. 71 మిల్లీమీటర్లు. మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ 71. టైరు పెరిగేది అయిదో పదో. ఏనుగు దూరేంత సందు. అయితే మామయ్య రాసిందే ఖాయం అనుకుంది. అనుకున్నాక కూడా నిద్ర పట్టలేదు. లెక్క సరిగ్గా ఉన్నా గుండె ఎందుకు ఒప్పుకోదో ఆమెకి అర్థం కాలేదు.

“నిన్న కలలో కూడా గుణకారాలు చేసింది,” అన్నాడు కారు బయట ఆపి, చక్రాల పెట్టెలు దించి వెనకే వచ్చిన భర్త. అతను బళ్లో డ్రాయింగు నేర్పుతాడు. “కారు అమ్మేసి బస్సెక్కుదామంటే వినదు.”

“నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా,” అంది ఆమె.

బాబాయి కాగితం తీసుకుని దూరంగా పెట్టి చదివాడు. “చక్కగా రాశావు తల్లీ. నాకు ముప్ఫయ్యేళ్లుగా ఒకటే అనుమానం. ఈ టైరు మీద మొదటి అంకె మిల్లీమీటర్లు, రెండోది నూటికి ఇన్ని పాళ్లు, మూడోది అంగుళాలు. ఒకే నోటితో మూడు భాషలు మాట్లాడే మనిషిని ఎవరన్నా నమ్ముతారా?”

“అందుకే కదా బాబాయ్, అన్నీ ఒకే కొలతలోకి మార్చాను.”

“బానే మార్చావు. ఈ 71 ఎక్కడిది?”

“నేనే కొలిచాను.”

“కారు ఎలా ఉండగా?”

“ఎలా అంటే... చక్రం వెనక అంకె చూడాలని జాకీ పెట్టి లేపాను. ఎలాగూ లేపాను కదా, టేపు కూడా సుళువుగా దూరుతోందని అప్పుడే కొలిచేశాను.”

బల్ల అవతల కుట్టుమిషను ఆగిపోయింది. బాబాయి నవ్వలేదు. ఆయన భార్య మాత్రం పెదవుల మధ్య పెట్టుకున్న గుండుసూది తీసి పక్కన గుచ్చి, అప్పుడు నవ్వింది.

“గాల్లో వేలాడే కాలికి కొలత తీసుకున్నావమ్మా,” అంది.

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. జాకీ మీద కారు లేస్తే స్ప్రింగు సాగుతుంది, చక్రం కిందికి జారుతుంది, సందు పెరుగుతుంది. చిన్న క్లాసు పాఠం. మూడుసార్లు జాగ్రత్తగా కొలిచి మూడుసార్లూ పప్పులో కాలేసింది. భర్త నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

“దించి కొలిస్తే 44 ఉంటుందేమో. అది కూడా అబద్ధమే,” అన్నాడు బాబాయి.

“అదెందుకు అబద్ధం? అది నేల మీద ఉన్న కొలతే కదా?”

“కారులో ఎవరున్నారు అప్పుడు?”

“ఎవరూ లేరు.”

“మరి ఎవరూ లేకుండా తిరగడానికా ఈ కారు?”

ఆమె తికమక ఇంకా పెరిగింది. సులువైన జవాబు ఇస్తాడనుకుని వస్తే, కొండను తవ్వి ఎలుకని పట్టడం పోయి, ఎలుక కోసం ఇంకో కొండ చూపిస్తున్నాడు ఈయన. “బాబాయ్, నాకు ఒక్క ముక్క చెప్పండి. 205 వెయ్యాలా, 215 వెయ్యాలా?”

“తెలీదు,” అన్నాడు ఆయన తాపీగా. “కొలిస్తే తెలుస్తుంది. ఈ కారులో ఎవరెవరు ఎక్కుతారో చెప్పు. ఏమేం పెడతారో చెప్పు. బిడ్డ బరువెంత?”

“పదిన్నర కిలోలు.”

“సీటుతోనా, సీటు లేకుండానా?”

ఆమె అది కొలవలేదు.

గోడ పక్కన పరదా ఎగరకుండా ఇసుక మూటలు పెట్టి ఉన్నాయి. బాబాయి ఒక మూట తెచ్చి త్రాసు మీద పెట్టి, కొంచెం ఇసుక తీసి, కొంచెం పోసి, పదిన్నరకి తెచ్చాడు. దాన్ని వెనక, పాప సీట్లో కూర్చోబెట్టి, బెల్టు సరిగ్గా బిగించాడు. “బిడ్డ వద్దు, బిడ్డ బరువు చాలు. బిడ్డని మా ఆవిడకివ్వు,” అన్నాడు. మేనమామ ముందు సీట్లో కూర్చుంటాడు కాబట్టి అక్కడ మూడు పెద్ద మూటలు. ఆమె స్టీరింగు దగ్గర, భర్త వెనక, పాప సీటు పక్కన. మోకాళ్లు గడ్డానికి తగిలేలా మడిచిన కుర్చీలా ఇరుక్కుని, “ఈ కారులో మీ మామయ్య ఇరవయ్యేళ్లు ఎవర్ని వెనక ఎక్కించాడో అడగాలి,” అన్నాడు. డిక్కీలో తోపుడుబండి, బట్టల సంచి, నీళ్ల సీసాలు, ఇంకా అర టన్ను బరువుంటుందేమోననిపించే పాప సంచి.

నేల మీద, బరువుతో, వెనక చక్రం దగ్గర బాబాయి కొలిస్తే 19.

ఆమె దిగి ఆ అంకె రాసుకుంది. 71 నుంచి 19. కాగితం మీద తాను గీసిన పట్టికంతా తప్పుడు నేల మీద కట్టిన మేడలా ఉంది.

బాబాయి దగ్గర ప్రతి సైజుకీ ఒక జత పాత టైర్లుంటాయి. అమ్మకానికి కావు, తొడిగి చూడటానికి. వెనక రెండు కొత్త చక్రాలకి 215/45 పాత జత ఎక్కించాడు. తర్వాత బంకమట్టి తడిపి వేలెడు ఉండలు చేసి, రేకు లోపలి అంచున వరసగా అతికించాడు. “వీధి చివర గతుకు మీద నుంచి నెమ్మదిగా పోనిచ్చి రా,” అన్నాడు.

ఆమె నడిపింది. అద్దంలో చూస్తే పాప సీట్లో ఇసుక మూట కనిపించింది. బెల్టు వేసుకుని, బుద్ధిగా, మాట్లాడకుండా. గతుకు దగ్గర కారు కిందికి వంగింది. ఎక్కడో ఒక చిన్న శబ్దం, గోనె సంచి మీద గోరు గీసినట్టు. అదే మూట స్థానంలో పాప ఉండి ఉంటే, ఆ శబ్దాన్ని ఆమె కబుర్ల మధ్య వినేది కూడా కాదు.

తిరిగి వచ్చాక చూస్తే మట్టి ఉండలు రెండు చీలిపోయి ఉన్నాయి. మూడోదాని మీద టైరు గళ్లు అచ్చుగుద్దినట్టు పడ్డాయి.

“కానీ మొత్తం ఎత్తులో తేడా పదే, పైకి పెరిగేది అందులో సగం, అయిదు మిల్లీమీటర్లే కదా బాబాయ్,” అంది ఆమె.

“అయిదే. పైకి అయిదు, పక్కకి అయిదు. మీ మామయ్య కొన్న చక్రం కూడా పాతదానికంటే బయటికి పొడుచుకొచ్చింది. గోరంత, గోరంత, గోరంత. అన్నీ కలిసి ఒకే చోటికొచ్చాయి.”

205/45 జత ఎక్కించాడు. మళ్లీ మట్టి, మళ్లీ గతుకు. ఈసారి శబ్దం లేదు. మట్టి ఉండలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. బాబాయి ఆ జతనే ముందుకి మార్చి, స్టీరింగు ఈ చివరికీ ఆ చివరికీ తిప్పించి అక్కడ కూడా చూశాడు. కొత్త టైర్లు తెప్పించే కాగితం మీద సైజు రాసి, దాని పక్కన బరువు మోసే అంకె కూడా రాశాడు. “గోడ పొట్టిది కాబట్టి ఇది తక్కువుంటే తీసుకోకు. సైజు చూసి ఇది చూడనివాళ్లే ఎక్కువ.”

టీ తాగుతూ ఆమె అడిగింది, ఇలా బరువు పెట్టి కొలవడం ఎక్కడ నేర్చుకున్నారని. బాబాయి చెవి వినపడనట్టు నటించాడు. ఆయన భార్య చెప్పింది.

“బస్సుల గ్యారేజీలో ఇరవై రెండేళ్లు చేశారమ్మా ఈయన. ఒకసారి కొత్త సైజు టైర్లు వచ్చాయి. షెడ్డులో ఖాళీ బస్సుకి కొలిచి, సరిపోతాయని సంతకం పెట్టారు. నెల రోజులు బానే తిరిగింది. ఒకరోజు బస్సు నిండా జనం. టైరు రేకుకి రాసుకుని పొగ.”

“ఎవరికైనా ఏమైనా అయిందా?”

“ఏమీ కాలేదు,” అన్నాడు బాబాయి. ఈసారి వినపడింది. “అందర్నీ దింపేశారు. రోడ్డు పక్కన ఒకావిడ పిల్లాణ్ణి భుజాన వేసుకుని దగ్గుతా నిలబడింది. నన్ను ఏమీ అనలేదు. నేనెవరో ఆవిడకి తెలీదుగా.” గ్లాసు కింద పెట్టాడు. “ఖాళీ బస్సుకి కొలిచాను. బస్సు ఖాళీగా తిరగడానికి కొన్నదా?”

గ్యారేజీ వాళ్లు పొమ్మనలేదు. ఆయనే మానేశాడు. ఏం చెయ్యాలో తెలియక ఆరు నెలలు భార్య మిషను పక్కన కూర్చుని గుండీలు కుట్టాడు. అప్పుడు చూశాడట, ఆవిడ కొలతలు తీసుకునే పద్ధతి. వచ్చినవాళ్లని నిలబెట్టి కొలిచి ఊరుకోదు. కూర్చోమంటుంది, వంగమంటుంది, చెయ్యెత్తమంటుంది.

“నిలబెట్టి కొలిచిన ప్యాంటు కూర్చుంటే పిగులుతుంది,” అంది ఆవిడ. “ఊపిరి బిగబట్టి కొలత ఇచ్చేవాళ్లు మరీను. వాళ్లకి ఎప్పుడూ ఒక అంగుళం ఎక్కువే కోస్తాను, చెప్పను. ఈయన నా విద్య దొంగిలించి టైర్లకి పెట్టాడు. బోర్డు మీద మాత్రం ఈయన పేరే.”

“దారం నీదేనని అందరికీ తెలుసులే,” అన్నాడు ఆయన.

ఈలోగా పాప ఖాళీ దారపు కండెలన్నీ ఒక వరసలో పేర్చి, ఒక్కదాన్ని తన్ని అన్నీ పడగొట్టి, మళ్లీ పేరుస్తోంది.

శనివారం నాటికి కొత్త టైర్లు వచ్చాయి. ఆదివారం మేనమామని పక్కన కూర్చోబెట్టుకుని ఆమె నడిపింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. “215 కాదుటగా,” అన్నాడు కాసేపటికి. చీటీలో ఎందుకు అలా రాశారని ఆమె అడిగింది. “చక్రాలు కొన్న కొట్టువాడు అద్దాల్లో అదే పెట్టాడే. చూడ్డానికి బావుంది,” అన్నాడు. ఆమె వారం రోజులు ఆ చీటీ వెనక ఏదో లోతైన లెక్క ఉందనుకుని తల బద్దలు కొట్టుకుంది.

లెక్కలన్నీ కుదిరాక కూడా అప్పుడప్పుడు తికమక పోదు ఆమెకి. గతుకు వస్తే ఇప్పటికీ చెవి వెనక్కి పెడుతుంది. కానీ టైర్లు తీసుకున్న రోజు బాబాయి కిటికీలోంచి తల దూర్చి అన్న మాట ఒకటుంది: “ఏది కొలిచినా బరువు మీద ఉన్నప్పుడు కొలువు తల్లీ.”

మొన్న పాపకి చెప్పులు కొనడానికి వెళ్లారు. కొట్టతను పాపని బల్ల మీద కూర్చోబెట్టి, వేలాడే కాలికి స్కేలు పెట్టబోయాడు. ఆమె పాపని కిందికి దింపి నిలబెట్టింది. “నా సంచి కూడా దాని భుజాన వెయ్యనా?” అన్నాడు భర్త, వెక్కిరింతగానే. ఆమె ఒక్క నిమిషం ఆలోచించి, పాప రోజూ చంకలో పెట్టుకు తిరిగే గుడ్డ ఎలుగుబంటిని దాని చేతికిచ్చింది. అప్పుడు కొలవమంది.