పెరుగు గిన్నె మీది తట్ట

ఒక స్టీలు తట్ట ఎంత బరువుంటుంది? చేత్తో ఎత్తితే తెలియనైనా తెలియదు. మా బెంగళూరు తెలుగులో తట్ట అంటే కంచం. అలాంటి ఒక్క తట్టను నేను ఏళ్ల తరబడి మోస్తున్నాను, ఎక్కడా దించలేకపోయాను. నా భార్యకు కూడా సగమే తెలుసు. మీకు మొత్తం చెబుతాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. అదీ పిరికితనమే అంటారా? అనండి, పడతాను.

యలహంక పాత ఊళ్లో మా వీధి చివర రంగప్ప అనే ఆయన ఊదుబత్తీలు చేసి అమ్మేవాడు. ఆయన భార్య జయమ్మ. చుట్టరికం ఏమీ లేదు, అయినా నాకు ఆయన అన్న, ఆమె అక్క. వాళ్లింటి నడవలో ఒక ఉయ్యాల బల్ల ఉండేది. రంగప్పన్న దాని మీద కూర్చుని పాకెట్లు అంటించేవాడు. సరుకుకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆయన ఎక్కడికీ పోలేదు, కూర్చున్న ఉయ్యాలనే బొమ్మ వేశాడు. అదే ఉయ్యాల మార్కు. పని లేక తిరుగుతున్న నన్ను పిలిచి, హొసకోటె వైపు అంగళ్లకు పాకెట్లు వేసి రమ్మన్నది ఆయనే. నా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆయన చలవ వల్లే.

ఏటా ఆయుధపూజకు ఆయన అంగళ్లవాళ్లకూ, పనిలో సాయపడినవాళ్లకూ స్టీలు తట్టలు పంచేవాడు. తట్ట అంచు మీద ఉయ్యాల బొమ్మ, మార్కు పేరు, కింద రంగప్ప అని ఆయన పేరు, ఆ ఏడు, అన్నీ కన్నడ అక్షరాల్లో చెక్కించేవాడు. అందులో ఒక్కటి కూడా తన ఇంట్లో మిగలనిచ్చేవాడు కాదు. పంచడానికి పేరు కొట్టించింది మనం ఉంచుకోకూడదని ఆయన పట్టింపు. మొట్టమొదటి ఏడు పంచిన తట్ట ఒకటి మా ఇంటికి వచ్చింది. మా అమ్మ దాన్ని పెరుగు గిన్నె మీద మూతగా వాడేది. అమ్మ పోయాక కూడా అది అక్కడే ఉంది.

తొంభైల మధ్యలో రంగప్పన్న పోయాడు. జయక్క ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుని బత్తీలు చుట్టిస్తూ వచ్చింది. హొసకోటె అంగళ్లు అడిగినంత సరుకు ఆమె దగ్గర ఉండేది కాదు. ఆ కొరత తీర్చడానికే అని నాకు నేను చెప్పుకుని హొసకోటెలో ఒక షెడ్డు తీసుకున్నాను. అక్కడ చుట్టించిన బత్తీలను ఉయ్యాల పాకెట్లలోనే పెట్టి అమ్మాను. అక్కకు చెబుదాం, చెబుదాం అనుకున్నాను. ఎందుకు చెప్పలేదు? కాదంటుందన్న భయమా? కాదు. సరేనంటుందని నాకు తెలుసు. సరేనంటే అది ఆమె ఇచ్చింది అవుతుంది. నాది అవ్వాలని నాకుండేది.

ఒక మధ్యాహ్నం జయక్క మా ఇంటికి వచ్చింది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆమె గడప దగ్గరే కూర్చుని చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏమప్పా, మా అక్క కొడుకు ఉయ్యాల పేరు రిజిస్టర్ చేపిద్దామంటా ఉండాడు. ఆ పేరు ఎప్పట్నించి వాడుతుండారో రుజువు తెమ్మన్నాడంట లాయరు. మాకు బిల్లులు యాడివి? పాకెట్లు జనం చించి పారేసుంటారు. మీ అన్న ఇచ్చిన తట్టలన్నా దొరుకుతాయేమోనని ఇల్లిల్లూ తిరగతా ఉండా. అందరూ పాత సామాన్లకి వేసేసినారంట. మొదటేడుది మీ ఇంట్లో ఉండాల గదా? మీ అమ్మ పెరుగు మీద మూస్తా ఉండె."

నేను ఏమీ ఆలోచించలేదు. ఇది నమ్మండి. ఆలోచించి చేసిన పాపమైతే కొంత నయమేమో.

"లేదక్కా," అన్నాను. "అమ్మ ఉన్నప్పుడే పాత సామాన్లకి వేసేసింది."

"అట్లనా? పోనీలేప్పా. ఉంటే నువ్వే తెచ్చిస్తావు, నాకు తెలీదా. గొంతు ఆరిపోతా ఉండాది, రవంత మజ్జిగ ఇస్తావా?"

లోపలికి వెళ్లాను. మజ్జిగ చేయాలంటే పెరుగు కావాలి. పెరుగు కావాలంటే ఆ తట్ట ఎత్తాలి. ఎత్తాను. చప్పుడు కాకుండా పిండి డబ్బా వెనక నిలబెట్టాను. రంగప్పన్న పేరు గోడ వైపుకు తిప్పాను, ఎవరు చూస్తారని తిప్పానో ఇప్పటికీ తెలియదు. జయక్క మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చల్లగా ఉండప్పా అని వెళ్లిపోయింది.

ఆమె పేరు రిజిస్టర్ చేయించుకుంటే నా షెడ్డు మూతపడుతుంది. భయం అక్కడ మొదలైంది. అక్కడితో ఆగి ఉంటే నేను పిరికివాణ్ణి మాత్రమే అయ్యేవాణ్ణి. కానీ నేనూ ఒక లాయరు దగ్గరికి వెళ్లాను. పేరు ముందు వాడినవాళ్లకే హక్కు అని, ముందు వాడినట్టు గట్టి ఆధారం చూపాలని ఆయన చెప్పాడు. పాత వస్తువేదైనా ఉందా అని అడిగాడు. మా నాన్న కాలంనాటి తట్ట ఒకటి ఉందన్నాను. అలా అన్నాక దాన్ని మా నాన్న కాలంనాటిది చేయాలి కదా.

చిక్కపేట పక్కన ఒకడి దగ్గర రంగప్ప పేరు రుద్దించి పాలిష్ పట్టించాను. ఇంకో వీధిలో ఇంకొకడి దగ్గర, అదే చోట, మా నాన్న పేరు చెక్కించాను. ఇద్దరి దగ్గరికి ఎందుకు వెళ్లానో మీకు చెప్పక్కర్లేదు. ఉయ్యాల బొమ్మ అలాగే ఉంది. సంవత్సరం అలాగే ఉంది. పేరు ఒక్కటే మారింది. మా నాన్న మిల్లులో పనిచేసి పోయినవాడు, జన్మలో ఒక్క ఊదుబత్తి చుట్టలేదు. పైగా ఆ పొగకు దగ్గు వచ్చి పూజ అయ్యేదాకా బయట కూర్చునేవాడు. అలాంటి మనిషిని ఊదుబత్తీల వ్యాపారి చేసి పెట్టాను. తట్ట పోవడానికి అమ్మను వాడుకున్నాను, దొరకడానికి నాన్నను వాడుకున్నాను.

హొసకోటె అంగళ్లవాళ్లు ఇద్దరు నా తరఫున ప్రమాణపత్రాలు ఇచ్చారు. వాళ్లను తప్పుపట్టను. ఉయ్యాల పాకెట్లు అంటే వాళ్లకు మొదటి నుంచీ నా ముఖమే తెలుసు. తట్టను నాలుగు వైపుల నుంచీ ఫోటో తీయించి ఉయ్యాల పేరు నాకే రిజిస్టర్ చేయమని అన్నీ కలిపి మద్రాసులోని ట్రేడ్‌మార్కుల ఆఫీసుకు పంపాం. జయక్క తరఫున అభ్యంతరం పెట్టారు. ఇలా అభ్యంతరం వచ్చినప్పుడు మన ఆధారాల కాపీలు అవతలివాళ్లకు ఇవ్వాలి. ఇచ్చాం. అంటే ఆ తట్ట ఫోటో ఆమె చేతికి వెళ్లింది.

తర్వాత ఆమె వైపు నుంచి ఒక్క కాగితం రాలేదు. రెండు వేల సంవత్సరం దాటాక పేరు నాకు వచ్చింది. మద్రాసు తిరిగే ఓపిక లేక వదిలేసిందని నా భార్యతో అన్నాను. భార్యకు తెలిసిన సగం అదే. నిజంగా ఓపిక లేకనేనా? ఆ ఫోటోలో పాలిష్ పట్టిన చోటు పక్క భాగం కంటే తెల్లగా మెరుస్తోంది. ఆ తట్టలు చెక్కించిన మనిషితో కాపురం చేసింది ఆమె. చూసింది. చూసి ఊరుకుంది. తిట్టి ఉంటే నేనూ తిట్టేవాణ్ణి, గొడవ చేసి ఉంటే అది వ్యాపారంలో గొడవ అయి ఉండేది. ఆమె నాకు ఆ దారి కూడా ఇవ్వలేదు.

ఆమె తన బత్తీలకు వేరే పేరు పెట్టుకుంది. నేనేమో, ఉయ్యాల పేరు ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే, మా అమ్మ నన్ను ఊపిన ఉయ్యాల అని చెబుతూ వచ్చాను. మా ఇంట్లో ఉయ్యాలే లేదు, అమ్మ నన్ను దూలానికి కట్టిన చీర తొట్లో ఊపింది. గడువు తీరినప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యూ కూడా చేయించాను. ఈ మాట రాయకుండా దాటేద్దామని చాలాసేపు చూశాను. లాయరు చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చాను. సిగ్గు ఉన్నవాడు అలా పెడతాడా?

పేరు నాకు వచ్చిన ఏడు ఆయుధపూజ మర్నాడు జయక్క అక్క కొడుకు మా ఇంటికి వచ్చాడు. కొట్టడానికి వచ్చాడేమో అనుకున్నాను. పిన్నమ్మ ఇమ్మనింది అని ఒక కొత్త తట్ట నా భార్య చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అంచు మీద ఆమె కొత్త మార్కు ఉంది. దాని కింద, ఎప్పుడూ ఉండే చోట, ఎప్పుడూ ఉండే అక్షరాల్లో, రంగప్ప అని ఉంది. నేను రుద్దించిన పేరు మళ్లీ నా వంటింట్లోకి వచ్చింది. ఆ తర్వాత ఏటా వస్తూనే ఉంది. క్షమించి పంపుతోందా, గుర్తుచేయడానికి పంపుతోందా? వెళ్లి అడగాలంటే ముందు చెప్పాలి. జయక్క గుమ్మందాకా వెళ్లి తిరిగి వచ్చేవాణ్ణి నేను.

నా భార్య ఆ కొత్త తట్టలనే వాడుతుంది. నాకు రోజూ అన్నం వాటిలోనే పెడుతుంది. పాతది బీరువాలో బట్టల కింద ఉంది. ఇందాక దాన్ని బయటికి తీసి, ఎదురుగా పెట్టుకుని ఇది రాశాను. దీని మీద మా నాన్న పేరు ఉంది. ఈ తట్ట మా నాన్నది కాదు. ఇది రంగప్పన్నది. ఉయ్యాల రంగప్పన్నది. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.